చలి మస్టరు

ఇంటెనుక నాలుగు గుంటలు.
బోరు పడ్డది, జాలి కట్టిచ్చినం,
ఇగ ఏం చెట్టు పెట్టాలె అన్న కాడ
మూడు నెల్లు ఆగినం.

మా ఆమె కళావతి నిమ్మ అన్నది.
ఉప్పలయ్య జామ అన్నడు:
"జామ పెట్టురా, జామ మోసం చెయ్యది."
నేను యాపిల్ అన్న.
నవ్విండ్రు. నవ్వరా మరి,
మే నెలల గోడకు చెయ్యి ఆనిస్తే
బొబ్బలెక్కే భూపాలపల్లి మాది.

నాకు యాపిల్ అంటే దవాఖాన.
కప్పు కూలి కాలిరిగిన యేడు
చూడనొచ్చిన ప్రతోడు కవర్ల రెండు పండ్లు తెచ్చి
మంచం పక్క స్టూలు మీద పెట్టి
నా దిక్కు చూడలేక
ఆ పండ్ల దిక్కే చూసుకుంట మాట్లాడేది.
పైన మైనం, చిన్న కాగితం బిళ్ళ,
కొరికితే తడిసిన అట్ట.
ఇదేనా, అనుకున్న.
చెట్టు మీదికెల్లి తెంపుకొని
ఒక్కపారన్న తినాలె అని
అప్పుడే మనసుల పడ్డది.

పరకాల తొవ్వల సారంగపాణి నర్సరి.
నల్లకవర్ల మొక్కలు వరుసగ నిలవెట్టి
అంగట్ల బర్రె సుడులు చెప్పినట్టు చెప్పిండు:
ఇది ఎర్రగ కాస్తది, గని మంచు కావాలె.
ఇది ఎండకు ఓర్సుకుంటది, పండు పిడికిలంత లేదు.
ఇగ ఇది, దీని పేరు అన్న.
"అన్ననా?"
"అన్ననే. ఎవలకు అన్ననో నాకెరుక లేదు.
కొంచెం చలి దొరికినా సర్దుకుంటడు."

చలి గంటలని ఒక లెక్కున్నదట.
అన్ని గంటలు సల్లగ పండుకుంటేనే
చెట్టుకు పువ్వు యాదికొస్తదట.
లెక్క తప్పితే ఆకులు ఆకులే.

"ఇంకో మాట" అన్నడు పైసలు ఎంచుకుంట,
"అన్న ఒక్కడే కాయడు.
పక్కన వేరే రకం ఒకటుండాలె, పుప్పొడికి."

బొగ్గు నింపినోనికి ఈ మాట చెప్పాల్నా?
ముప్పై యేండ్లు తట్టా చెమ్మసు,
ఒక టబ్బుకు ఇద్దరం, నేను, ఉప్పలయ్య.
దగ్గు విని చెప్పేటోన్ని
ఎన్ని అడుగుల దూరంల ఉన్నడో,
టోపీ దీపం అటు తిప్పకుంటనే.

రెండో మొక్క పసుప్పచ్చ పండుదట.
దాని ఇంగ్లీషు పేరు నా నోట్ల తిరగలే.
గుంత తీసి నాటి, మట్టి తొక్కుతుంటే
కళావతి అన్నది, "ఇది ఉప్పలయ్య."
అప్పటిసంది అదే పేరు.

రెండో యేడు కార్తీకం దాటంగనే
ఆకులన్ని చేత్తోని దూసేసిన.
మన దగ్గర ఈ చెట్టు తనంతట తాను నిద్రపోదు,
పట్టి పండవెట్టాలె.
చూడలేక మా ఆమె లోపటికి పోయింది,
బియ్యం ఏరుడు లేకున్నా చాట పట్టుకున్నది.

గోడకు థర్మామీటరు కట్టిన.
పదికి దిగితేనే గంట లెక్కల పడ్తది,
ఈ రూలు సారంగపాణిది కాదు, నాదే.
పాత డైరీల గీతలు కొట్టి
తారీకు, దిగిన యాళ్ళ, ఎక్కిన యాళ్ళ.
రాత్రి రెండింటికి లేస్త, మళ్ళ నాలుగింటికి.
రిటైరై ఏడేండ్లాయె,
రాత్రిపాళీ ఇంకా ఒంట్లకెల్లి పోలే.

నిన్నటి దాక నూటపద్నాలుగు.
మబ్బు పట్టిన మూడు రాత్రులు సున్న.
సున్న వేసేటప్పుడు చెయ్యి ఆగుతది,
నాకే నాగా పడ్డట్టు.

ఇయ్యాల పొద్దుగాల ఉప్పలయ్య వచ్చిండు,
మఫ్లరు, మోపెడు, సంచిల జామకాయలు.
రెండు బోడ పుల్లల చుట్టు తిరిగి చూసి
"సచ్చినయారా?" అన్నడు.
"లేదు. నైట్ షిఫ్టుల ఉన్నయి."

ఏమనలే.
తన పేరున్న పుల్లను గోటితోని గీరిండు.
లోపల పచ్చగ కనవడంగనే
ఆ గీరిన కాడ ఇంత తడిమట్టి పూసి,
దగ్గుకుంట,
"దీని మస్టరెంత?" అని అడిగిండు.